కుక్కర్ సేఫ్టీ వాల్వ్ మార్చారా?

గాస్కెట్ వదులైతే పప్పు ఉడకదు గనుక వెంటనే కొత్తది కొనేస్తాం. మరి మూతమీదుండే చిన్న సేఫ్టీ వాల్వ్ సంగతి? అమలాపురమో, రాజోలో సామాన్లకి వెళ్ళినప్పుడు దాన్నెవరు గుర్తు పెట్టుకుంటారు చెప్పండి!

ఆవిరి ఒత్తిడికి కుక్కర్ లోపలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఎక్కువైన ఆవిరి వెయిట్‌ని లేపుకుని విజిల్‌గా బయటికొస్తుంది. పప్పు నురుగో, పనసపొట్టు పీచో ఆ గొట్టానికి అడ్డుపడినా, నీళ్ళు ఇగిరిపోయి మూత మాడినా, వాల్వ్ మధ్యనున్న లోహం కరిగి ఆవిరికి దారిస్తుంది. తాను పోయి మనల్ని కాపాడుతుందన్నమాట!

కొందరు ఆ కన్నాన్ని లప్పంతో మూసేసి వాడేస్తుంటారు. ఇంతకంటే ప్రమాదం మరొకటి లేదు. ఈసారి ఆవిరికి దారేదీ?

మార్చే విధం:

* కుక్కర్ పూర్తిగా చల్లారాక మూత తీసి, స్పానర్‌తో పాత వాల్వ్ విప్పండి.

* అదే కంపెనీది, అదే మోడల్‌కి సరిపోయేది కొనండి. పాతది పట్టుకెళితే పొరపాటుండదు.

* చోటు శుభ్రంగా తుడిచి, వాషరుంటే దాంతో సహా బిగించండి.

* విజిల్ గొట్టాన్ని సన్నటి పుల్లతో శుభ్రం చేయండి. లేకపోతే కొత్త వాల్వూ అలాగే పోతుంది.

* ముందు ఒట్టి నీళ్ళతో పెట్టి చూడండి. వాల్వ్ పక్కనుంచి ఆవిరి రాకూడదు.

పప్పు వండేటప్పుడు నీళ్ళతో కలిపి కుక్కర్‌లో సగానికి మించనివ్వకండి. కొత్త కుక్కర్ కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 ఫిబ్రవరి 1 నుంచి అది తప్పనిసరి.