పని మీద వచ్చిన పాంథుడు

పని మీద పరదేశమునకు పోయినవానికి అక్కడి నగరము సామాన్యముగా కంటబడదు. విడిది, కచేరి, సంతకములు, తిరుగు ప్రయాణము - ఈ నాలుగింటి నడుమ ఊరు బండి కిటికీలో కనిపించు చెట్లవలె వెనుకకు జరిగిపోవును. వీధిలో ఎదురైన ముఖములు జ్ఞాపకముండవు. చేతనున్న కాగితములే జ్ఞాపకముండును. కాని ఒక్కొక్కప్పుడు ఊరే బాటసారి చేయి పట్టుకొని ఆపును. 1859లో ఇటలీ దేశపు చిన్న పట్టణ మొకటి జెనీవా వర్తకు నొకనిని అట్లు ఆపినది. ఆయన వచ్చిన పని నెరవేరలేదు. ఆ ఊరిలో ఆయన చూచినది మాత్రము లోకమునకు రెడ్‌క్రాస్ రూపమున దక్కినది.

ఆ వర్తకుని పేరు హెన్రీ డ్యూనాంట్. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరములు. ఫ్రెంచివారి ఏలుబడిలో నుండిన అల్జీరియాలో పిండిమరల వ్యాపారమునకై 1858లో ఒక సంస్థను నెలకొల్పినాడు. జెనీవాలోని పలువురి ధనము అందులో చేరినది. మరలు తిరుగుటకు నీరు కావలెను. నీటికిని, భూమికిని అనుమతులు కావలెను. అధికారులు ఎంతకును ఆ సంగతి తేల్చలేదు. విసిగిన డ్యూనాంట్ నేరుగా ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియనుకే విన్నవించుకొన నిశ్చయించినాడు. చక్రవర్తి అప్పుడు ఉత్తర ఇటలీలో ఆస్ట్రియాపై యుద్ధము నడుపుచున్నాడు. ఆయనను కీర్తించుచు వ్రాసిన పుస్తక మొకటి వెంట నుంచుకొని, వేసవికి తగిన తెల్లని దుస్తులు ధరించి, డ్యూనాంట్ లంబార్డీ ప్రాంతమునకు బయలుదేరినాడు. ఆ ప్రయాణములో పరోపకార చింత ఏమియు లేదు. అది కేవలము వర్తకుని ప్రయాణము.

జూన్ 24వ తేదీన ఆయన బండి కాస్తిల్యోనె పట్టణము చేరినది. గార్డా సరస్సుకు దక్షిణమున, చిన్న కొండల నడుమ నున్న పాత ఊరది. 1568లో లూయీజి గొంజాగా అను సాధువు జన్మించినది ఇక్కడనే. రోము నగరములో అంటురోగము ప్రబలినప్పుడు రోగులకు సేవచేసి, ఆ రోగము సోకియే 23 ఏండ్ల ప్రాయమున మరణించినవా డాయన. విశాఖపట్టణములోని సెయింట్ అలోసియస్ పాఠశాల పేరు ఆ సాధువుదే. వేరొక సమయమైనచో డ్యూనాంట్ ఆ సాధువు పేర వెలసిన చర్చిని ఒకసారి చూచి తన దారిన పోయెడివాడేమో. ఆనాడు దారి లేదు. ఉదయము మొదలు సమీపమున సోల్ఫెరినో చుట్టును సుమారు 3 లక్షల సైనికులు పోరాడినారు. గాయపడినవారిని బండ్లమీదను, కంచరగాడిదలమీదను ఈ ఊరికే చేర్చుచున్నారు. రెండు మూడు దినములలో ఊరి జనమును మించిన క్షతగాత్రులు ఊరిలో చేరినారు. చర్చీలు, మఠములు, ఇండ్లు, వీధులు, అన్నియు ఆసుపత్రులైనవి. పెద్దచర్చిలో దాదాపు 500 మంది సైనికులు కిక్కిరిసి పడియుండగా, వెలుపల గడ్డిమీద మరి 100 మంది ఎండకు అడ్డుగా కట్టిన గుడ్డల క్రింద పడియున్నారు.

ఇక్కడ డ్యూనాంట్ గమనించిన ఒక్క విషయమే తరువాతి కథకంతటికి మూలము. ఊరిలో నీరున్నది, దప్పికతో మనుష్యులు చనిపోవుచున్నారు. ఆహారమున్నది, ఆకలితో చనిపోవుచున్నారు. కట్లు కట్టుటకు గుడ్డలున్నవి. కట్టు చేతులు లేవు. వైద్యులు వ్రేళ్ళపై లెక్కింపదగినంత మందియే. సరకు కొరత ఒక కష్టము, సరకుండియు చేరవలసినవానికి చేరకపోవుట వేరొక కష్టము. ఈ భేదము వర్తకునికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. డ్యూనాంట్ తన వృత్తి విడిచిపెట్టి సేవకుడు కాలేదు. ఆ వృత్తి నేర్పిన కన్నుతోనే ఆ బాధను చూచినాడు.

వెంటనే ఊరి స్త్రీలను కూడదీసినాడు. వారు ఇంటింటినుండి నీరు, గంజి తెచ్చి త్రాగించినారు, గాయములు కడిగినారు. పిల్లలు బొక్కెనలతో సమీపపు నీటిధారలనుండి చర్చీలకు నీరు మోసినారు. తన బండివానిని బ్రెషియా నగరమునకు పంపి నిమ్మపండ్లు, పంచదార, చొక్కాలు, కట్టుగుడ్డలు, పొగాకు తెప్పించినాడు. ఆ దుర్గంధములో గాయపడినవారికి పొగాకు కొంత ఊరట. చనిపోవుచున్నవారు తల్లిదండ్రులకు చెప్పుమన్న కడపటి మాటలను వ్రాసికొన్నాడు. తెల్లదుస్తుల మనిషి ఫ్రెంచివాడు, ఆస్ట్రియావాడు అను భేదమెంచకుండుట చూచి ఊరి స్త్రీలును ఆ దారినే నడిచినారు. అందరును సోదరులే యని వారి నోట మాటిమాటికి వెలువడిన మాట ఆయన చెవిలో నిలిచిపోయినది.

బందీలైన ఆస్ట్రియా వైద్యులను విడిచి క్షతగాత్రుల సేవకు నియోగింపవలెనని ఆయన ఫ్రెంచివారికి విన్నవించినాడు. ఆ విన్నపము ఫలించినది. మరల విన్నపము ఫలింపలేదు.

జెనీవాకు మరలిన పిదప ఆ జ్ఞాపకము ఆయనను విడువలేదు. 1862లో 'సోల్ఫెరినో జ్ఞాపకము' అను పుస్తకమును తన ఖర్చుతోనే 1,600 ప్రతులు అచ్చువేయించినాడు. యుద్ధము వచ్చిన తరువాత చేతులు వెదకుట కాదు. శాంతికాలమందే స్వచ్ఛంద సేవకులకు శిక్షణ నిచ్చి సిద్ధపరచవలెనని అందలి సారము. 1863లో జెనీవాలో ఐదుగురు సభ్యుల సంఘ మేర్పడినది. 1864 ఆగస్టు 22న 12 రాజ్యములు మొదటి జెనీవా ఒప్పందమునకు అంగీకరించినవి. తెల్లని వస్త్రముపై ఎఱ్ఱని శిలువ గుర్తు అయినది.

అంతలో వ్యాపారము కూలినది. 1867లో డ్యూనాంట్ దివాలా తీసినాడు. ఆయనను నమ్మి ధనము పెట్టినవారును నష్టపోయినారు. వారి కష్టమును చిన్నదిగా చూడరాదు. తాను పుట్టించిన సంఘములోనే ఆయనకు చోటు లేకపోయినది. జెనీవా విడిచి దేశదేశములు తిరిగి, దారిద్ర్య మనుభవించి, తుదకు హైడెన్ గ్రామపు ఆసుపత్రిలో తలదాచుకొన్నాడు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమానము ఆయనకును ఫ్రెడరిక్ పాసీకిని కలిపి ఇచ్చినారు. 1910లో మరణించినాడు. ఆ ఆసుపత్రిలో బీదరోగుల కొరకు ఎల్లప్పుడు ఒక ఉచితశయ్య ఉండునట్లు మరణశాసనము వ్రాసినాడు.

కాస్తిల్యోనెలో 1959లో రెడ్‌క్రాస్ ప్రదర్శనశాల వెలసినది. మన పాఠశాలలలో జూనియర్ రెడ్‌క్రాస్‌లో చేరిన విద్యార్థులు ఆ సంస్థ పుట్టుకను చదువునప్పుడు జెనీవా పేరే మొదట వినెదరు. ఆ కథ నిజమునకు కాస్తిల్యోనె వీధులలో మొదలైనది. అక్కడ నీరు మోసిన పిల్లల పేర్లు ఏ గ్రంథమునను లేవు. బడిలో ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు డ్యూనాంట్ పేరుతో పాటు వారి బొక్కెనలను కూడ ఒకసారి తలచుట న్యాయము.