తాత ఏడికి పోయిండంటే పిల్లకు ఏం చెప్పాలె?

కాజీపల్లి, గడ్డపోతారం దిక్కు కిరాయి అర్రలల్ల ఉండేటోళ్లు చానామంది కంపెనీ పనికని ఊరిడిసి వచ్చినోళ్లే. ముసలోళ్లు ఊర్లనే ఉంటరు. తాత సచ్చిపోతే లీవు దొరికినన్ని రోజులు పోయి, దినాలు జేసి, మళ్ల షిఫ్టుకు ఎక్కుతం. ఇంట్ల పిల్ల అడుగుతది, తాత ఏడ అని. దేవుని దగ్గరికి పోయిండంటం. మరి ఎప్పుడొస్తడు? ఇగ ఫోన్ చేతుల పెడ్తం.

గా ఫోన్లనే ‘కోకో’ అనే బొమ్మల సినిమా పెట్టి, పక్కన కూసోండ్రి. భాష తెల్వకుంటే కథ మీరే చెప్పుకుంట పోండ్రి. పిక్సార్ వాళ్లు 2017ల తీసిన్రు, 2018ల ఆస్కార్ వచ్చింది. మెక్సికోల మిగెల్ అనే 12 ఏండ్ల పోరడు. బూట్లు కుట్టే ఇల్లు. ముత్తవ్వ కోకో వాళ్ల నాయిన పాటల ఎంబడి పోయి మళ్ల రాలేదని ఆ ఇంట్ల పాటే బంద్. పిల్లగాడు సచ్చిపోయినోళ్ల లోకంల పడ్తడు. ఆడ ఒక కట్టుబాటు ఉంటది: ఇంట్ల ఫొటో పెడితేనే పండుగనాడు వాళ్లు ఇంటికి రావచ్చు. యాది జేసేటోళ్లు ఒక్కలు గూడ లేకుంటే ఆ లోకంల నుంచి గూడ మాయమైతరు.

ముత్తవ్వకు మతిమరుపు. నాయిన పాడిన పాట మిగెల్ పాడితే ఆమె గూడ గొంతు కలుపుతది. ఏడాది దాటినంక చూస్తే ఆమె ఫొటో గూడ పెద్దల ఫొటోల పక్కకు చేరుతది. సావు సూపియ్యరు, కానీ పిల్లలకు సమజైతది. ఇటు అబద్ధం లేదు, అటు భయపెట్టుడు లేదు. మనం ‘పండుకున్నడు’ అని చెప్తే చిన్నపిల్లలు పండుకోనీకే భయపడ్తరు. సచ్చిపోయినోళ్లు తిరిగి రారన్న సంగతి నాలుగైదేండ్ల పిల్లలకు ఒక్కసారికి ఎక్కదు, అందుకే అడిగిందే అడుగుతరు. విసుక్కోవద్దు.

గా పండుగ మనకేం కొత్త కాదు. పెత్తరమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తం, అదే పొద్దుమీకి ఎంగిలిపూల బతుకమ్మ. సినిమాల రెండు లోకాల నడుమ వంతెన బంతిపూల రేకులతోటి ఉంటది. బంతి పుట్టిల్లు మెక్సికోనే, ఆడికెళ్లే మన బతుకమ్మ మీదికి వచ్చింది!

ప్రభాస్ 2020ల మన కాజీపల్లి అడివి 1,650 ఎకరాలు దత్తత తీసుకొని, నాయిన పేరు మీద పార్కు అన్నడు. మనకంత లేదు, గోడకు ఒక ఫొటో ఉన్నది. కానీ బియ్యం ఇచ్చేటప్పుడు పిల్లల్ని అవతలికి పొమ్మంటం. తాత నాగలి ఎట్ల పట్టెటోడో, ఎవల మీద గరమైతుండెనో వాళ్లకెట్ల తెలుస్తది?

ఈసారి పెత్తరమాసకు ఒక దోసెడు బియ్యం పిల్లతోటి పోపియ్యండ్రి. తాత పేరు ఆ పిల్లనే చెప్పనియ్యండ్రి.