ఆయిలింజను చప్పుడును బట్టి దోషములను గుర్తించుట

దుమ్ముగూడెము, చర్ల, అశ్వాపురము, బూర్గంపహాడు ప్రాంతములలో గోదావరి యొడ్డున పొలములు గల రైతులకు, విద్యుత్తీగ చేరని చోట్ల, నీరు తోడుటకు ఆయిలింజనే ఆధారము. అడవి యంచు గ్రామమున ఇంజను నిలిచిపోయినచో, మరమ్మతు చేయువాడు వచ్చునప్పటికి మడి బీటలువారును. కాని యంత్రము తరచుగా ఒక్కమారుగా చెడదు. ముందుగా దాని చప్పుడు మారును, వణకు హెచ్చును. ఆ మార్పును కనిపెట్టు విధమును ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట ఒక చిన్న లెక్క తెలిసియుండవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో చక్రము రెండు చుట్లు తిరుగునంతలో ఒక్కొక్క వాల్వు ఒక్కమారే తెరచుకొనును. నిమిషమునకు 650 చుట్లు తిరుగు పాతరకపు ఇంజనులో ఒక వాల్వు చప్పుడు 325 మార్లు వినబడును. చక్రము సమతూకము తప్పుటచే గలుగు వణకు 650 మార్లు పుట్టును. కావున చప్పుడు చుట్టున కొకటియా, రెండు చుట్ల కొకటియా యని గమనించినచో దోషస్థానము సగము తేలినట్లే.

తలభాగమున సన్నగా టకటకమను చప్పుడు రెండు చుట్ల కొకటిగా వచ్చినచో, టాపెట్టు సందు పెరిగినదని అనుమానింపవలెను. తయారుచేసినవారు తెలిపిన కొలతకు దానిని సరిచేసిన చాలును. అడుగుభాగమున బరువైన దెబ్బ వినబడి, భారము పడినకొలది హెచ్చినచో, కనెక్టింగురాడ్డు బేరింగు అరిగియుండవచ్చును. వెంటనే ఇంజనును నిలిపి, ఇంజను ఆయిలు మట్టము చూడుడు. ఉపేక్షించినచో బేరింగుతో తీరవలసిన ఖర్చు క్రాంకుషాఫ్టు దాక పోవును. ఇంజను మొత్తము ఊగులాడినచో, దానిని నిలిపిన పిదప పునాది బోల్టులను, చక్రపు బిగింపును, బెల్టు వరుసను పరీక్షింపుడు.

పంపులో గులకరాళ్లు దొర్లినట్లు గరగరలాడినచో దోషము ఇంజనుది కాకపోవచ్చును. వేసవిలో గోదావరి నీరు దిగినకొలది పంపు పీల్చవలసిన ఎత్తు పెరుగును. అది సుమారు 6, 7 మీటర్లను మించినను, ఫుట్‌వాల్వు చెత్తతో మూసుకొనినను, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, ఇంపెల్లరును తినివేయును. ఫుట్‌వాల్వును శుభ్రపరచి, పంపును నీటికి దగ్గరగా దింపవలెను.

వినుటకు పొడవైన కర్ర యొకటి చాలును. ఒక కొనను ఇంజను కదలని భాగముపై నుంచి, రెండవ కొనను చెవి చెంత ఆనింపవలెను. తిరుగు చక్రమునకు, బెల్టునకు ఎడముగా నిలిచి, పంచెను, కండువను బిగించుకొనుట మరువరాదు.

పెద్ద కర్మాగారములలో ఈ పనిని కంపమాపకములు చేయును. చిక్కుపడిన కంపమును వేర్వేరు వేగముల సరళ కంపములుగా విడదీయు గణితమునకు ఫ్రెంచి పండితుడు ఫూరియే 1822లో ప్రకటించిన గ్రంథము మూలము. నేడు చేతిఫోను సైతము ధ్వనిని పట్టి ఆ విభజనను చూపగలదు. అయినను, ఫోనునకు గాని చెవికి గాని, యంత్రము బాగుగా నున్ననాటి చప్పుడు తెలియనిచో పోల్చుట కాధారము లేదు.

కావున ఇంజను చక్కగా నీరెత్తుచున్న దినముననే దాని చప్పుడును ఒక నిమిషముసేపు ఫోనులో పట్టి, తేదీతో భద్రపరచుడని మా మనవి. ఉమ్మడి ఇంజను గల సభ్యులు ఆయిలు మార్చిన దినమును, చప్పుడులో తోచిన మార్పును ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఒకరు వినిన చప్పుడు పదుగురి పంటను కాపాడును.