మనసు వైద్యం ఫైలు అడగకూడదా?

పన్ను పీకించుకున్నవాళ్లు ఎక్స్‌రే కాపీ అడిగితే ఎవరూ వింతగా చూడరు. సైకియాట్రీ ఓపీలో అదే అడిగితే మాత్రం ‘‘అలాంటివి పేషెంట్ చేతికివ్వం, మీవాళ్లెవరినైనా తీసుకురండి’’ అనే జవాబు రావచ్చు. అడిగినవాళ్లూ నిజమేనేమో అనుకుని వెనుదిరుగుతారు. చట్టం చెప్పేది వేరు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 25వ సెక్షన్ ప్రకారం మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లందరికీ తమ ప్రాథమిక వైద్య రికార్డులు పొందే హక్కు ఉంది. జబ్బు ఏమని తేల్చారు, ఏ పరీక్షలు చేశారు, ఏ చికిత్స ఇచ్చారు అన్నవన్నీ అందులోకే వస్తాయి. ఫారం-ఎ నింపి ఆ ఆస్పత్రి బాధ్యత చూసే మెడికల్ ఆఫీసరుకో సైకియాట్రిస్టుకో ఇస్తే 15 రోజుల్లో కాపీ అందాలి. సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటే దారి అనుకునేవాళ్లున్నారు; అది ప్రైవేటు ఆస్పత్రి మీద నేరుగా పనిచేయదు, పైగా దాని గడువు 30 రోజులు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. తనకు స్కిజోఫ్రీనియా అని రాసింది చదివి మనిషి కుంగిపోతే? భార్య డాక్టరుకు చాటుగా చెప్పిన సంగతి చదివి, ఇంటికెళ్లి ఆమె మీద విరుచుకుపడితే? ఈ భయం ఉత్తదేమీ కాదు, చట్టం కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంది. రోగికి తీవ్రమైన మానసిక హాని జరుగుతుందన్నా, ఇతరులకు హాని జరిగే అవకాశముందన్నా ఆ సమాచారం మేరకు ఆపొచ్చంది. అయితే భార్య మాటలున్న పేరా ఆపితే సరిపోయేచోట మందుల వివరాలు కూడా దాచడానికి అది అనుమతి కాదు. ఆపినప్పుడు, దానిమీద మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు వెళ్లొచ్చని రోగికి చెప్పాల్సింది కూడా ఆపిన డాక్టరే. ఇవ్వాలో వద్దో తేలకపోతే డాక్టరే బోర్డును అడగొచ్చు. అంటే ఎందుకు కావాలో రోగి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఎందుకు ఇవ్వరో అవతలివాళ్లే చెప్పాలి.

చదివితే కొంపలు మునుగుతాయన్న ఊహకు ఆధారమూ అంతంతమాత్రమే. అమెరికాలో 2010లో మొదలైన ఓపెన్‌నోట్స్ ప్రయోగంలో వందమందికి పైగా డాక్టర్లు తాము రాసుకున్నది 13 వేలమందికి పైగా రోగులకు ఆన్‌లైన్‌లో చూపించారు. ఏడాది తిరిగాక ఇక మానేస్తానన్న డాక్టరు ఒక్కరూ లేరు. వాళ్లు ఫ్యామిలీ డాక్టర్లు, సైకియాట్రిస్టులు కారు కాబట్టి దీన్ని తిరుగులేని రుజువనడం సరికాదు. ఇవ్వకపోతే జరిగే నష్టం మాత్రం కళ్లెదుటే ఉంటుంది. విశాఖలో వైద్యం చేయించుకుని ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన మనిషి లిథియం ఎంత వేసుకున్నాడు, రక్తంలో దాని స్థాయి ఎంత వచ్చింది, అంతకుముందు ఏ మందుకు చేతులు వణికాయి అన్నది ఫైలు లేకుండా కొత్త డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ‘పొద్దున ఒకటి, రాత్రి ఒక తెల్ల మాత్ర’ అన్న జ్ఞాపకం మీదే వైద్యం సాగాల్సి వస్తుంది.

రోగుల వైపు కూడా ఒక అపోహ ఉంది. థెరపీలో నోరు విప్పి చెప్పిన ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా తిరిగి వస్తుందనుకోవద్దు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. అక్కడి వైద్య సమాచార గోప్యత చట్టం ‘హిపా’ నిబంధనల్లో, థెరపిస్టు మిగతా రికార్డుకు విడిగా ఉంచుకునే సెషన్ నోట్సు రోగి పొందే హక్కు కిందికి రాదు. జబ్బు పేరు, మందులు, చికిత్స ప్రణాళిక, పురోగతి మాత్రం ఆ ముసుగులో దాచడానికి వీల్లేదు.

ఇక ‘మీవాళ్లను తీసుకురండి’ అన్న మాట. రోగి తరఫున వ్యవహరించే నామినేటెడ్ ప్రతినిధికి సమాచారం ఇవ్వొచ్చు గానీ, అది ఈ చట్టం కింద ఆయన తన బాధ్యత నెరవేర్చడానికే. విడాకుల కేసులో చూపించడానికి ఫైలు కావాలంటూ వచ్చిన భర్తకు రోగి గోప్యతను కాపాడే 23వ సెక్షన్ అడ్డుపడుతుంది; కోర్టు ఆదేశమిస్తే అది వేరే సంగతి. సంతకం చేసి అడుగుతున్న రోగిని వెనక్కి పంపి, పక్కనున్న బావమరిది చేతిలో ఫైలు పెట్టడం చట్టాన్ని తలకిందులు చేయడమే. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవాలి. 15 రోజుల లెక్కకు అదే ఆధారం. బోర్డు నిర్ణయం కూడా ఎదురుతిరిగితే హైకోర్టుకు వెళ్లడానికి 30 రోజుల గడువుంటుంది.