వానకాలపు దీవులలో పసికందులు

గోండ్‌పిప్రి తాలూకాకు ఒక ప్రక్క వార్ధానది, మరొక ప్రక్క వైనగంగ. ఈ రెండూ కలిసినాక ప్రాణహిత అన్న పేరు వచ్చింది. పేరు చల్లనిదే గాని, వానకాలంలో నది పొంగి వంతెనలు మునిగిననాడు నొప్పులు పడుతున్న ఇల్లాలికి ఆ పేరు ఎంతమాత్రం ఊరటనివ్వదు. వైనగంగ దాటితే గడ్చిరోలి జిల్లా. 1982 వరకు అది మన చంద్రపూర్ జిల్లాలోనిదే. అక్కడి భామ్రాగఢ్ వైపు పర్లకోట నది పొంగితే ఊళ్ళకు ఊళ్ళే దీవులైపోతాయి. చుట్టూ సముద్రం ఉంటేనే దీవి అనుకొనేవారు ఒక్క శ్రావణమాసం ఆ ప్రాంతంలో గడిపి చూడాలి.

అటువంటి ఊళ్ళో బిడ్డ పుట్టి ఏడవకపోతే ఏమి గతి? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారు డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు. వారు గడ్చిరోలిలో ‘సర్చ్’ సంస్థను నెలకొల్పారు. ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పినా పెక్కుమంది తల్లిదండ్రులు కదలకపోవడం వారు కళ్ళారా చూచారు. దూరం, ఖర్చు, పురిటి మైల, భయం, అన్నీ అడ్డమే. సరే, బిడ్డ ఆసుపత్రికి పోలేకపోతే వైద్యమే ఇంటికి పోవాలి గదా అన్నారు. 39 గ్రామాలలో ఊరి ఆడవారికే తర్ఫీదు ఇచ్చి ‘ఆరోగ్యదూత’లుగా నిలబెట్టారు. ఊపిరి అందని బిడ్డకు సంచీ, మాస్కులతో గాలి అందించడం, నెలలు తక్కువైన బిడ్డను వెచ్చగా ఉంచడం, చీముజ్వరం సోకితే సూదిమందు వేయడం, ఇవన్నీ వారు నేర్చారు. అంకెలు రాని మంత్రసానుల కోసం పూసల చట్రం ఒకటి తయారైంది. ఇసుక గడియారం కారే ఒక్క నిమిషంలో పది ఊపిర్లకు ఒక పూస చొప్పున జరుపుతూ పోవాలి. ఎర్ర పూస దాకా వస్తే న్యుమోనియా అన్నమాట. ఇంత తేలికైన ఉపాయం ఇదివరలో ఎవరికీ తట్టకపోవడమే మాకు వింత.

మూడవ సంవత్సరానికి ఆ గ్రామాలలో నెలలోపు శిశుమరణాలు సుమారు 62 శాతం తగ్గినవి. 1999లో ‘లాన్సెట్’ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతిని ఆశా కార్యకర్తల చేత దేశమంతటా మొదలుపెట్టించింది. ఇంట పుట్టిన బిడ్డను 42 రోజులలో 7 సార్లు, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 6 సార్లు వారు చూచిపోవాలి. మీ గుమ్మంలోకి ఆ అమ్మాయి వస్తే పీట వేసి కూర్చోబెట్టండి; బిడ్డ నిద్రపోతున్నదని త్రిప్పి పంపకండి.

ఇక ప్రయాణం సంగతి. 108 బండి వచ్చేవరకు, వచ్చిన తరువాత కూడా, బిడ్డకు పెద్ద శత్రువు చలి. పుట్టగానే నీళ్ళు పోయడం, ముర్రుపాలు పిండి పారబోయడం మన ఇళ్ళలో పెద్దలు చేస్తూ వచ్చినవే, రెండూ కీడే. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో వెచ్చని పెట్టెలు చాలక డాక్టర్ ఎడ్గర్ రే ఒక పద్ధతి పెట్టారు. బిడ్డను తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేటట్లు పడుకోబెట్టి, పైన గుడ్డ చుట్టాలి. తలకు టోపీ ఉండాలి. పడవలోనైనా, జీపులోనైనా ఇంతకంటె మంచి పెట్టె దొరకదు. తల్లికి శక్తి లేకపోతే నాయనమ్మ, కాకపోతే తండ్రి! మగవారు సిగ్గుపడనక్కరలేదు.

బిడ్డ పాలు కుడవడం మానినా, ఒళ్ళు చల్లబడినా, కాలినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీసినా, డొక్క ఎగిరిపడినా, అరికాళ్ళు పసుపెక్కినా తెల్లవారనిద్దామని కూర్చోరాదు. వీలైతే వెళ్ళే ఆసుపత్రికి ముందుగా ఫోను చేయించాలి.

అయినా నది మీదికి వచ్చిన తరువాత పరుగెత్తడం కంటె మునుపే ఇవతలి ఒడ్డుకు చేరడం మేలు. గిరిజన ప్రాంతాలలోని కొన్ని ఆరోగ్య కేంద్రాల దగ్గర ‘మాహేర్ ఘర్’లు ఉన్నవి. ఆ మరాఠీ మాటకు పుట్టిల్లు అని అర్థం. నెలలు నిండినవారు కాన్పుకు ముందే వచ్చి అక్కడ ఉండవచ్చును. ఆషాఢంలో కొత్తకోడలిని పుట్టింటికి పంపే అలవాటు మనకు ఎలాగూ ఉన్నది. శ్రావణ భాద్రపదాలలో కాన్పు రావలసిన కోడలిని కూడా ఆ ఆషాఢంలోనే, వాగులు పొంగకముందే, ఆసుపత్రి ఉన్న ఊళ్ళోని చుట్టాలింటికి చేర్చండి.