కారు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)

 

ఈవేళ నేను చెప్పబోయేది చాలా చిన్న వస్తువు గురించి. ఇప్పుడు కూడా మీ జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఉండే ఉంటుంది. అదే, కారు రిమోట్ కీ. "ఓస్, దాని గురించి కూడా ఒక ప్రసంగమా?" అనుకుంటున్నారు కదూ. నేనూ అలాగే అనుకునేవాడిని, 2022 జూన్ నెల దాకా.

మేముండేది సౌదీలోని జుబైల్లో. ఈ దేశంలో ఆడవాళ్ళకి కారు నడిపే అనుమతి 2018 జూన్ 24న వచ్చింది. ఆ మరుసటి ఏడాదే మా ఆవిడ లైసెన్సు తీసుకుంది. అప్పటి నుంచి సరుకులూ, పిల్లల స్కూలు పనులూ అన్నీ తనే చూసుకుంటోంది. ఆరోజు పొద్దున పదిన్నరకి సూపర్‌మార్కెట్‌ నుంచి బయటికి వచ్చింది. ఏడాదిన్నర మా బాబుని వెనక కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. వాడు ఏడుస్తుంటే ఆడుకోమని చేతికి కారు కీ ఇచ్చింది. హ్యాండ్‌బ్యాగు ముందు సీట్లో పెట్టి, తలుపులు వేసి, సంచులు డిక్కీలో సర్దింది. డిక్కీ మూసిందో లేదో, "టక్" అని చప్పుడు. వాడు లోపల బటన్ నొక్కాడు. నాలుగు తలుపులూ లాక్ అయిపోయాయి. ఫోను లోపల, కీ లోపల, పిల్లవాడు లోపల. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ.

పక్కనున్నవాళ్ళ ఫోను అడిగి నాకు చేసింది. నా నంబరు నోటికి వచ్చు కాబట్టి సరిపోయింది. ఈ రోజుల్లో ఎంతమందికి వస్తుంది చెప్పండి? నేను ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ప్లాంటులో ఉన్నాను. ఇంట్లో ఉన్న మా పెద్దమ్మాయికి ఫోన్ చేసి, అల్మారాలో పాస్‌పోర్టుల పక్కన ఉన్న రెండో కీ పక్క ఫ్లాటు అన్నయ్యగారికి ఇమ్మన్నాను. ఆయన పాపం పరుగున వెళ్ళి ఇచ్చారు. మా ఆవిడ బటన్ నొక్కింది. ఏమీ లేదు. మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు. కారు కొన్న నాలుగేళ్ళలో ఆ కీని ఒక్కసారి కూడా బయటికి తీయలేదు మేము. అందులో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

అక్కడ చేరినవాళ్ళలో ఒక పాకిస్తానీ టాక్సీ డ్రైవరు ఉన్నాడు. కీ అందుకుని పక్కనున్న చిన్న మీట జరిపాడు. లోపలి నుంచి ఒక ఇనప తాళంచెవి బయటికి వచ్చింది. డ్రైవరు తలుపు హ్యాండిల్ దగ్గరున్న చిన్న మూత ఊడదీసి, దాని కింద దాక్కున్న రంధ్రంలో పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. అప్పటికి పదిహేను నిమిషాలయింది. బాబు ముఖం కందిపోయింది, బట్టలు చెమటతో తడిసి ముద్దయ్యాయి. డాక్టరు చూసి పరవాలేదన్నారు. ఈ రోజు వాడు స్కూలుకి వెళ్తున్నాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. నాలుగేళ్ళుగా నా ఇంట్లో ఉన్న వస్తువు లోపల ఏముందో నాకు తెలియదు, దారినపోయే మనిషికి తెలిసింది.

అందుకే ఈ ప్రసంగం. కీ పని చేసేటప్పుడు ఎవరైనా వాడతారు. మన అలవాట్లు ఉండాల్సింది అది పని చేయని రోజు కోసం.

ముందు ఇది ఎలా పని చేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. స్మార్ట్ కీ అంటే ఒక చిన్న రేడియో. మీరు తలుపు హ్యాండిల్ పట్టుకోగానే కారు ఒక బలహీనమైన సంకేతం పంపిస్తుంది. అది సుమారు ఒక మీటరు దూరం వరకే చేరుతుంది. జేబులో ఉన్న కీ దాన్ని విని, "నేనే" అని రహస్య కోడ్‌తో జవాబిస్తుంది. జవాబు సరిగ్గా ఉంటే తలుపు తెరుచుకుంటుంది. ఈ మాటలు పంపడానికి కీకి బ్యాటరీ కావాలి. కానీ అందులో ఇంకో చిప్ కూడా ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. మన ఆఫీసు గేటు దగ్గర బ్యాడ్జి చూపిస్తే తెరుచుకుంటుంది చూడండి, అలాగన్నమాట. బాగా దగ్గరగా పెడితే కారే దానికి కాస్త శక్తినిస్తుంది.

కాబట్టి బ్యాటరీ చచ్చిపోయిన కీతో కూడా బండి స్టార్ట్ చేయొచ్చు. ఇనప తాళంచెవితో తలుపు తీయండి. అలారం మోగితే కంగారు పడకండి, బండి స్టార్ట్ అయితే అదే ఆగుతుంది. బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి, తర్వాత బటన్ నొక్కాలి. టొయోటాల్లో లోగో ఉన్న వైపు ఆనించమంటారు. చాలా హ్యుందాయ్ బళ్ళలో కీతోనే బటన్ నొక్కమంటారు. కొన్ని బళ్ళలో కీ పెట్టడానికి వేరే చోటుంటుంది. మీ బండి పుస్తకంలో ఆ పేజీ ఒక్కటి చదివి ఉంచుకోండి.

ఇక ఎండ సంగతి. కీని కారులోనే కప్పు పెట్టే చోట వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. కీలో వేసే బ్యాటరీ సాధారణంగా సీఆర్ 2032. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. ఈ రకం బ్యాటరీలకి తయారీదారులు మామూలుగా చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని అరిజోనాలో ఎండలో నిలబెట్టిన కార్లని కొలిచి చూస్తే, గంటలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకి చేరింది. మన దమ్మాం, రియాద్ ఎండలు దానికేమీ తీసిపోవు కదా. కాబట్టి కీ ఎప్పుడూ మనిషితోనే ఉండాలి.

అలాగని ఎక్కడపడితే అక్కడ పెట్టకండి. మొబైల్ ఫోనూ కీ ఒకే జేబులో అంటుకుని ఉంటే ఒక్కోసారి కారు కీని గుర్తు పట్టదు. వేరు వేరు జేబుల్లో పెట్టుకోండి. హాఫ్ మూన్ బేకో, జెద్దా కార్నిష్‌కో వెళ్ళినప్పుడు జేబులో కీతో నీళ్ళలో దిగొద్దు. ఉప్పునీరు లోపలి సర్క్యూటుని తినేస్తుంది. ఉమ్రాకి వెళ్ళే మన సోదరులకి ఇహ్రాంలో జేబులుండవు కాబట్టి, నడుం బెల్టు సంచిలో జిప్పు వేసి పెట్టుకోవడం మేలు.

బ్యాటరీ తగ్గుతుంటే కీ ముందే చెప్తుంది. ఇదివరకు ఇరవై అడుగుల నుంచి తెరుచుకునే బండి అయిదడుగుల దగ్గరికి వస్తేగాని పలకదు. రెండు మూడుసార్లు నొక్కాల్సి వస్తుంది. కొన్ని బళ్ళలో డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక కూడా వస్తుంది. అంతదాకా ఆగకుండా రెండేళ్ళకోసారి మార్చేయండి. కొన్ని కీలకి వేరే సైజులుంటాయి కాబట్టి పాత బ్యాటరీ మీదున్న నంబరు చూసి అదే కొనండి. ఇంకొకటి, కీ తగిలించే కొక్కెం కారుకి ఆనుకున్న గోడకి ఉంటే కారు, కీ అస్తమానం మాట్లాడుకుంటూ ఉంటాయి. దాంతో బ్యాటరీ తొందరగా అయిపోతుంది. కొన్ని మీటర్లు దూరంగా పెట్టండి.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. 2011లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో శాస్త్రవేత్తలు ఎనిమిది కంపెనీల పది కార్లమీద చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కారు దగ్గర ఒక పరికరం, కీ దగ్గర ఒక పరికరం పెట్టి, మధ్యలో సంకేతాన్ని మోసుకుపోతే ఆ పది కార్లూ మోసపోయాయి. కీ ఇంట్లోనే ఉంది, కారు తలుపు మాత్రం తెరుచుకుంది. తర్వాత వచ్చిన కొన్ని కీలు కాసేపు కదలకుండా ఉంటే నిద్రపోతాయి, కానీ అన్నీ కాదు. విల్లాల్లో ఉండేవాళ్ళు రాత్రిపూట కీని ఒక రేకు డబ్బాలో పెట్టండి. ఖర్జూరాల డబ్బా అయినా సరే. ఆ డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళి చూడండి. తలుపు తెరుచుకుందంటే ఆ డబ్బా పనికిరాదన్నమాట.

అయితే ఇంత తెలివైన దొంగ మనకి అక్కర్లేదు. బకాలా ముందు ఇంజనూ ఏసీ ఆపకుండా దిగిపోతాం చూడండి, దొంగకి అదే చాలు. "కీ నా జేబులో ఉంది కదా" అనుకోవద్దు. ఇంజను నడుస్తుండగా కీ దూరమైతే చాలా బళ్ళు కూతపెడతాయి గానీ ఆగవు. దొంగ తోలుకుపోతూనే ఉంటాడు. పైగా బండి ఆన్‌లో ఉంచి దిగిపోవడం ఇక్కడి ట్రాఫిక్ చట్టం ప్రకారం కూడా తప్పే, జరిమానా పడుతుంది. లోపల భార్యాపిల్లలున్నప్పుడు ఇంకో చిక్కు. పిల్లలు ఆడుతూ బటన్ నొక్కితే ఇంజను ఆగిపోతుంది. కీ మీ జేబులో ఉంది కాబట్టి మళ్ళీ స్టార్ట్ కాదు. కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: కారులో ఎవరు మిగిలితే కీ వాళ్ళ దగ్గర.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చంటిపిల్లల చేతికి కీ ఇవ్వకండి. ఏడ్చినా సరే. 2005లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో డాక్టర్లు మామూలు ఎండల్లో కొలిచి చూస్తే, మూసిన కారులో గంటకి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా రాలేదు. పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా చాలా తొందరగా వేడెక్కుతుంది. పిల్లవాడు లోపల ఉండిపోతే మాలాగా రెండో కీ కోసం ఎదురు చూడొద్దు. వెంటనే సివిల్ డిఫెన్సు 998కి చేయండి. రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911. పిల్లవాడు వాడిపోతున్నట్టు కనిపిస్తే, వాడికి దూరంగా ఉన్న పక్క అద్దం మూలన గట్టి వస్తువుతో కొట్టి పగలగొట్టండి. ముందు అద్దం జోలికి పోకండి, అది బీటలు వారుతుంది గానీ ఊడి రాదు. అద్దం ఖరీదు గురించి ఆ క్షణంలో ఆలోచించకండి.

కీలోని బిళ్ళ బ్యాటరీ కూడా ప్రమాదమే. పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా చాలు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అంబులెన్సుకి 997. వాంతి చేయించొద్దు. ఏడాది నిండిన పిల్లలైతే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వమని అమెరికాలోని విషచికిత్స కేంద్రం వాళ్ళు చెప్తారు. అదీ ఆరుసార్లకి మించకుండా. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దు. తేనె కోసం ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ఆలస్యం చేయొద్దు.

హౌస్ డ్రైవర్లుగా పని చేస్తున్న మన కడప, గోదావరి జిల్లాల తమ్ముళ్ళకి కూడా ఒక మాట. మీ చేతిలో ఉన్న కీ కఫీల్‌ది. కొత్త కీ చేయించాలంటే వందల రియాళ్ళు అవుతాయి. ఆ మాట మీ మీద పడకూడదు. కీకి గొలుసు వేసి బెల్టుకి తగిలించుకోండి. సెలవుకి వెళ్ళేటప్పుడు కీ ఎవరికిచ్చారో, ఎప్పుడిచ్చారో కఫీల్‌కి వాట్సాప్‌లో ఒక ఫోటోతో పంపండి. గొడవ వస్తే ఆ ఫోటోయే మీ సాక్షి.

మనం ఇండియాకి వెళ్ళేటప్పుడు కూడా అంతే. బండి స్నేహితుడికి అప్పజెప్తే ఉత్త కీ ఇచ్చి ఊరుకోకుండా, అబ్షర్‌లో ఆయన పేర డ్రైవింగ్ అనుమతి కూడా పెట్టండి. రెండో కీ సూట్‌కేసులో వేసుకుని హైదరాబాదు పట్టుకుపోకండి. ఇక్కడే నమ్మకస్తుల దగ్గర ఉంచండి.

సరేనండీ, ముగిస్తాను. ఈ ప్రసంగం అయ్యాక ఒక్క పది నిమిషాలు కేటాయించండి. అల్మారాలో నిద్రపోతున్న రెండో కీ తీయండి. బటన్ నొక్కి చూడండి. ఇనప తాళంచెవి బయటికి లాగండి. దాంతో తలుపు ఒకసారి తీయండి. తర్వాత అదే పని మీ ఆవిడ చేత, కాస్త పెద్ద పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చేయించండి. మీ ఫోను నంబరు వాళ్ళకి నోటికి వచ్చేదాకా చెప్పించండి. నెలకోసారి రెండు కీలూ మార్చి మార్చి వాడండి, అప్పుడు ఏదీ మూల పడదు.

మా ఇంట్లో ఇప్పుడు బయల్దేరే ముందు ఒక ప్రశ్న తప్పనిసరి. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" మా బాబే అడుగుతాడు. వాడి దగ్గర మాత్రం ఉండదు లెండి.