చేతికి కట్టిన తీగ

మా ఊరు ఓడలరేవు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఎప్పుడూ ఉప్పుగాలి, చెమట. అందుకేనేమో, దువ్వెన రుద్ది కాగితం ముక్కల్ని ఎగరేసే ప్రయోగం మా బళ్ళో ఎప్పుడూ సరిగ్గా వచ్చేది కాదు. గాలిలో తేమ ఎక్కువైతే వస్తువుల మీద సన్నని నీటిపొర ఏర్పడి, పుట్టిన స్థిర విద్యుత్తు దాని మీదుగా జారిపోతుంది. కాలేజీకొచ్చాక, ఏసీ వేసిన ఎలక్ట్రానిక్స్ లాబులో నైలాన్ చొక్కాతో బీరువా ముట్టుకుంటే మాత్రం చురుక్కుమంది!

ఆ చురుకు మనకి తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. ఐ.సి.లలోని మాస్‌ఫెట్ల ఆక్సైడు పొర బహు పలచన. కొన్నిటికి 100 వోల్టులే చాలు, చిల్లు పడిపోతుంది. అంటే మనకి తెలియకుండానే చిప్పు పోతుందన్నమాట. ఒక్కోసారి అప్పటికి బాగానే పనిచేసి, కొన్నాళ్ళకి మొరాయిస్తుంది. అందుకే పని చేసేవాళ్ళు మణికట్టుకి పట్టీ పెట్టుకుని, దాని తీగని ఎర్త్‌కి కలుపుతారు. బల్లమీద పరిచిన మ్యాట్‌నీ అలాగే కలుపుతారు. పెట్రోలు దింపేముందు ట్యాంకరుకి ఎర్త్ తీగ తగిలించేదీ ఈ స్థిర విద్యుత్తు భయంతోనే.

సంక్రాంతి సెలవుల్లో తమ్ముడి కంప్యూటరు విప్పాను. పట్టీ లేదు. ‘ఇంతేగా’ అని ఉత్త రాగితీగ చేతికి చుట్టుకుని, రెండో కొస మోటారు ఎర్త్ గొట్టానికి కట్టాను. కొబ్బరితోటలోంచి వచ్చిన నాన్న చూశారు.

“ఒరేయ్, మోటారుకి ఎర్త్ వేశామంటే కరెంటు అటు పోవాలనే కదా? నువ్వే ఎర్త్‌కి కట్టేసుకుంటే, రేపు కరెంటు తగిలితే ఎవరిలోంచి పోద్దిరా?”

నా దగ్గర జవాబు లేదు. తీగ విప్పేశాను.

కాలేజీకెళ్ళి అసలు పట్టీని మీటరుతో చూస్తే 10 లక్షల ఓములు, అంటే 1 మెగ్ ఓము చూపించింది. అందులో ఒక రెసిస్టరు దాగి ఉంది! లెక్క చూడండి. తడిచేతి మనిషి నిరోధం సుమారు 1,000 ఓములనుకుంటే, 230 వోల్టులకి 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. గుండె ఆగడానికి అది చాలు. మధ్యలో 1 మెగ్ ఓము ఉంటే 0.23 మిల్లీ ఆంపియరే. జిల్లుమనడం కూడా తెలియదు.

మరి స్థిర విద్యుత్తు పోతుందా? పోతుంది. మన ఒంటి కెపాసిటెన్సు సుమారు 100 పికోఫారడ్లు. దాన్ని 1 మెగ్ ఓముతో గుణిస్తే సెకనులో పదివేలవ వంతు. అలాంటివి నాలుగైదు వంతులు గడిస్తే ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు. చిప్పుకి రక్షణ, మనిషికీ రక్షణ!

కనుక తమ్ముళ్ళూ, ఉత్త తీగ ఎన్నడూ చేతికి కట్టుకోకండి. పట్టీని రోజూ మీటరుతో చూసుకోండి. తెగిన తీగ ఉన్నా లేనట్టే. కరెంటున్న పెట్టెలో చెయ్యి పెట్టాల్సివస్తే ముందు పట్టీ తీసేయండి. గోడ ప్లగ్గులో మూడో కన్నం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ ఉందనుకోకండి. మా తోటలో ఎర్త్ గోతికి బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలం నీళ్ళు పోస్తారు నాన్న. ఓము సూత్రం ఆయన చదవలేదు. చదివిన నేనే మర్చిపోయాను.